గోదావరి మొగల్లో నీటి అడుగు గొంతులు

ధవళేశ్వరం ఆనకట్ట దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలి, వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడివడి, యానాం దిగువన, ఓడలరేవు దగ్గర, అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ మొగలను, అంటే నది సముద్రంలో కలిసే చోట్లను, కవులు వర్ణించారు, చిత్రకారులు గీశారు, సినిమా కెమెరాలు ఎన్నోసార్లు చూపించాయి. కాని ఆ నీటి అడుగున పుట్టే ధ్వనులు తెలుగు కళకు ముడిసరుకుగా అందవలసినంతగా అందలేదు. తిమింగలం పాట అనగానే సంగీతాభిమానులకు తలపుకొచ్చేది అట్లాంటిక్ సముద్రంలో, బెర్ముడా దీవుల దగ్గర, అర్ధశతాబ్దానికి ముందు రికార్డు చేసిన గొంతు. అది గొప్పదే, ప్రపంచం మనసు మార్చినదే. అయినా కాకినాడ తీరంలో, కోరంగి మడ అడవుల పాయల్లో పనిచేసే కళాకారుడు అరువు తెచ్చుకోకుండా తన నీటిని తాను వినవచ్చు. ఏ గొంతులు ఈ నీటిలో దొరుకుతాయి, ఏవి దొరకవు, దొరికినవాటిని రికార్డు చేయడం, కళగా మలచడం ఎలా అన్నది ఈ ప్రసంగ విషయం.

నీటిలో ధ్వనిని పట్టే పరికరాన్ని హైడ్రోఫోన్ అంటారు. మామూలు మైకులో గాలి కదలికకు ఊగే పలుచని పొర ఉంటుంది. నీటిలో అది పనికిరాదు కాబట్టి హైడ్రోఫోన్‌లో పింగాణీ జాతికి చెందిన చిన్న బిళ్లనో గొట్టాన్నో వాడతారు. ఒత్తిడి పడినప్పుడు స్వల్పంగా విద్యుత్తు పుట్టించడం ఈ పదార్థపు గుణం, దాన్నే పీజో విద్యుత్ గుణం అంటారు. దీన్ని నీరు చొరబడని రబ్బరులోనో రెజిన్‌లోనో పోతపోసి, పొడవాటి కేబుల్ తగిలించి, పైన పడవలో ఉన్న రికార్డరుకు కలుపుతారు. చేతిలో పెట్టుకుంటే చిటికెనవేలంత కూడా లేని ఆ నల్లటి ముద్ద నీటిలో మునగగానే పని మొదలుపెడుతుంది, ఎందుకంటే గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్లే ధ్వని, నీటిలో సుమారు 1,500 మీటర్లు వెళుతుంది, తక్కువ నష్టంతో ఎక్కువ దూరం చేరుతుంది. బురద నీటిలో చూపు జానెడు దూరం కూడా ఆనని చోట నీటి జంతువులు చెవి మీద ఆధారపడి బతకడానికి మూలకారణం ఇదే.

సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే తిమింగల జాతి జంతువుల గొంతును నీటి అడుగున తొలిసారి రికార్డు చేసినది కూడా ఒక నదీముఖంలోనే కావడం గోదావరి శ్రోతలకు ఆసక్తి కలిగించే సంగతి. కెనడాలోని క్యూబెక్ ప్రాంతంలో సాగనే నది సెయింట్ లారెన్స్ నదిలో కలిసే చోట విలియం షెవిల్, బార్బరా లారెన్స్ అనే శాస్త్రజ్ఞ దంపతులు బెలూగా అనే తెల్ల తిమింగలాల ఈలలను, కిచకిచలను రికార్డు చేసి 1949లో ప్రకటించారు. ఆ తర్వాత బెర్ముడాలో జలాంతర్గాముల చప్పుడు కోసం చెవులు రిక్కించిన అమెరికా నౌకాదళపు ఇంజనీరు ఫ్రాంక్ వాట్లింగ్టన్ హైడ్రోఫోన్లకు హంప్‌బ్యాక్ తిమింగలాల గొంతులు చిక్కాయి. ఆయన ఆ టేపులను జీవశాస్త్రజ్ఞులు రోజర్ పేన్, కేటీ పేన్ దంపతులకు అందించాడు. 1970లో వాటితో 'సాంగ్స్ ఆఫ్ ది హంప్‌బ్యాక్ వేల్' అనే రికార్డు వెలువడింది, 1971లో రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే ఆ ధ్వనుల్లో పాటకు ఉండే కట్టుబాటు ఉందని 'సైన్స్' పత్రికలో నిరూపించారు, 1979 జనవరిలో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక కోటికి మించిన ప్రతులతో పాటు ఒక పలుచని రికార్డును పాఠకుల ఇళ్లకు పంపింది.

సంగీతకారులు ఇంత కాలం ఆగలేదు. 1970లోనే ఆలన్ హోవనెస్ అనే స్వరకర్త న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం కోసం తిమింగలాల టేపునే ఒక వాద్యంగా నిలిపి కృతి రచించాడు. ఈయన 1959–60 ప్రాంతంలో మద్రాసులో ఉండి కర్ణాటక సంగీతం అభ్యసించిన మనిషి, ఆకాశవాణి మద్రాసు కేంద్రపు వాద్యబృందానికి కూడా రచన చేసినవాడు. స్వరాన్ని మెట్లుగా కాకుండా జారుడుగా వినే అలవాటు దక్షిణ భారత సంగీతం ఎవరికైనా నేర్పుతుంది. తిమింగలం గొంతు కూడా మెట్ల మీద నడిచేది కాదు, ఒక స్థాయి నుంచి మరో స్థాయికి జారేదే. ఈ రెంటికీ నేరుగా ముడిపెట్టనక్కర్లేదు, అయినా గమకం తెలిసిన చెవికి హంప్‌బ్యాక్ పాట పరాయిదిగా తోచదన్నది నిజం. 1971లో జార్జ్ క్రమ్ టేపు వాడకుండా ఫ్లూటు, చెల్లో, పియానోలతోనే తిమింగలాన్ని అనుకరించి 'వోక్స్ బలైనే' అనే కృతి చేశాడు. 1977లో వాయేజర్ వ్యోమనౌకల్లో పంపిన బంగారు పూత రికార్డులో యాభై అయిదు భాషల పలకరింపులు ఉన్నాయి, వాటిలో తెలుగు ఒకటి. తిమింగలాల గొంతును ఆ రికార్డు రూపొందించిన కార్ల్ సేగన్ బృందం సముద్రపు చప్పుళ్ల పట్టికలో పడేయకుండా, ఈ మనుషుల పలకరింపుల భాగంలోనే చేర్చింది. ఆ విధంగా తెలుగు మాట, తిమింగలం మాట ఒకే వరుసలో నక్షత్రాల మధ్య అంతరిక్షంలోకి వెళ్లిపోయాయి.

ఇక ఆ గొంతుల స్వభావం. తిమింగల జాతిలో రెండు పెద్ద తెగలున్నాయి. నోటిలో పళ్లకు బదులు జల్లెడ వంటి పట్టీలు ఉన్నవి ఒక తెగ. నీలి తిమింగలం, హంప్‌బ్యాక్ ఇందులోనివి, ఇవి స్వరపేటికతోనే ధ్వని చేస్తాయి. పళ్లున్నవి రెండో తెగ. డాల్ఫిన్లు, స్పెర్మ్ తిమింగలం ఇందులోనివి, ఇవి తలలోని నాసికా మార్గంలో ఉండే చిన్న పెదవుల వంటి కణజాలాల మధ్య నుంచి గాలిని తోసి ఈలలూ టకటకలూ పుట్టిస్తాయి, నుదుటిలోని కొవ్వు ముద్ద ఆ ధ్వనిని ముందుకు కేంద్రీకరిస్తుంది. హంప్‌బ్యాక్‌లలో పాడేది మగదే. చిన్న చిన్న ధ్వనులు కలిసి ఒక పాదంగా, పాదాలు మళ్లీ మళ్లీ వచ్చి ఒక చరణంగా, చరణాలు ఒక క్రమంలో వచ్చి ఒక పాటగా ఏర్పడతాయి. ఒక ప్రాంతంలోని మగ తిమింగలాలన్నీ ఒకే పాట పాడతాయి, ఏడాదికేడాది అందరూ కలిసి దాన్ని మార్చుకుంటూ పోతాయి. పొడవైన, చిక్కైన పాటల్లో పాదాల చివర ఒకే రకం ధ్వని తిరిగి వస్తుందని కేటీ పేన్, లిండా గినీ 1988లో చూపించి, అది పాట గుర్తుంచుకోవడానికి సాయపడే అంత్యప్రాస వంటిది కావచ్చని సూచించారు. పద్యం కంఠస్థం చేసిన ఏ తెలుగువాడికీ ఈ ఊహను విడమరచి చెప్పనక్కర్లేదు.

బంగాళాఖాతానికి కూడా తన పాట ఉంది. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో తిరిగే నీలి తిమింగలాలకు ప్రత్యేకమైన పాట ఉందని 1980 దశకంలో శ్రీలంకలోని ట్రింకోమలీ దగ్గర జరిగిన రికార్డింగులు తెలిపాయి. లక్షద్వీప్ నీళ్లలోనూ అవే పాడుతున్నట్లు దివ్య పణిక్కర్, కేథలీన్ స్టాఫోర్డ్ 2021లో ప్రకటించారు. అయితే ఈ గొంతును కాకినాడ తీరపు నీళ్లలో హైడ్రోఫోన్ దించి పట్టుకోవచ్చునని ఆశించడం వృథా. ఈ నీలి తిమింగలాల పాట సుమారు 30 నుంచి 100 హెర్ట్జ్ మధ్య మంద్రస్థాయిలో ఉంటుంది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం. అంత మంద్రమైన ధ్వని అల పొడవు పదిహేను నుంచి యాభై మీటర్ల దాకా ఉంటుంది, అంతటి అల నిలదొక్కుకోవడానికి లోతు కావాలి. అయిదు మీటర్ల లోతున్న నీటిలో, అడుగు ఎంత గట్టిదైనా సరే, 75 హెర్ట్జ్‌కు దిగువనున్న ధ్వని దూరం ప్రయాణించలేదు. గోదావరి మోసుకొచ్చి పరచిన మెత్తని ఒండ్రు అడుగుతో ఆ హద్దు ఇంకా పైకి జరుగుతుంది, ఒండ్రులో కుళ్లే ఆకు అలము నుంచి పుట్టే వాయుబుడగలు మిగిలిన ధ్వనినీ మింగేస్తాయి. కాబట్టి తిమింగలం కావాలన్నవారు ఖండతీరపు అంచు దాటి లోతు నీటికి వెళ్లవలసిందే. తీరం దగ్గర నిలిచేవారికి దక్కేది డాల్ఫిన్.

కాకినాడ తీరానికీ, హోప్ ఐలాండ్ పరిసరాలకూ వచ్చే డాల్ఫిన్లలో ముఖ్యమైనది హంప్‌బ్యాక్ డాల్ఫిన్. ఇది పేరులో సామ్యమే తప్ప హంప్‌బ్యాక్ తిమింగలం కాదు. తీరాన్ని అంటిపెట్టుకుని, లోతులేని మట్టి నీటిలో, నదీముఖాల్లో మేసే జంతువు. దీని గొంతులో రెండు పొరలున్నాయి. ఈలలు మనిషి చెవికి అందుతాయి, సన్నగా సాగి, పైకి కిందికి వంపులు తిరుగుతాయి. రెండోది టకటకల వరుస. డాల్ఫిన్ ఒక్కొక్క టక్కును విసిరి, చేపకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి దాని దూరం, దిక్కు గ్రహిస్తుంది. చేప దగ్గరపడే కొద్దీ టక్కుల మధ్య ఎడం తగ్గి, చివరికి అవి ఒకదానికొకటి అతుక్కుని జుమ్మనే రొదగా మారతాయి. ఈ టక్కుల శక్తి చాలావరకు లక్ష హెర్ట్జ్ పరిసరాల్లో ఉంటుంది, మనిషి చెవి హద్దు 20,000 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. రికార్డరు సెకనుకు ఎన్ని నమూనాలు తీసుకుంటే అందులో సగం హెర్ట్జ్ వరకే పట్టగలదు కాబట్టి, సంగీతానికి వాడే 48,000 నమూనాల వేగం ఈలలకు చాలుతుంది, టక్కులకు చాలదు. వాటి పూర్తి రూపం కావాలంటే మూడు లక్షలకు పైబడిన నమూనాల వేగం, దానికి దీటైన హైడ్రోఫోన్ ఉండాలి. అలా పట్టిన టక్కులను పది రెట్లు నెమ్మదిగా వినిపిస్తే లక్ష హెర్ట్జ్ పది వేలకు దిగి వస్తుంది, కలిసిపోయిన రొద విడివిడి చినుకులుగా తేలుతుంది. కళాకారుడికి ఇక్కడ దొరికేది తాళం. ఏ మనిషీ కట్టని తాళం, వేట వేగాన్ని బట్టి లయ పెరిగే తాళం.

డాల్ఫిన్ కోసం దించిన హైడ్రోఫోన్‌లో డాల్ఫిన్ వినపడే నిమిషాలు తక్కువ, మిగతా సమయమంతా వినిపించేది డెల్టా. అందులో మొదటిది చిటిక రొయ్య. వేలెడు పొడవు లేని ఈ రొయ్య తన పెద్ద కొండిని ఎంత వడిగా మూస్తుందంటే నీరు చిమ్మి ఒక బుడగ పుట్టి, ఆ బుడగ కూలిపోవడంతో చిటపటమని ధ్వని వస్తుంది. ఇవి వేలకొద్దీ ఉన్న చోట పచ్చి మిరపకాయలు నూనెలో పడినట్లుంటుంది. రెండోది గోదావరి జిల్లాల వేలం పాటల్లో ప్రసిద్ధికెక్కిన కచిడి చేప. లక్షల ధర పలికిందంటూ పత్రికల్లో తరచు కనిపించే ఈ చేప విలువంతా దాని పొట్టలోని గాలితిత్తిలో ఉందని జాలర్లకు తెలుసు; ఎగుమతిదారులు ఎండబెట్టి తూర్పు ఆసియా దేశాలకు పంపేది దానినే. ఆ గాలితిత్తే ఆ చేప గొంతు కూడా. తిత్తికి ఆనుకుని ఉన్న కండరాలు వడివడిగా బిగిసి సడలుతూ దాన్ని డోలులా మోగిస్తాయి, కచిడి కుటుంబపు చేపల్లో చాలావాటికి ఉన్న గుణమిది. సంతానోత్పత్తి కాలంలో సాయంత్రం చీకటిపడే వేళ ఇవి గుంపుగా మోగితే నీరు దద్దరిల్లుతుంది. మలేషియా తీరంలో జురు సెలం అనే నిపుణులు పడవ పక్కన నీటిలో తల ముంచి, ఇటువంటి చేపల చప్పుడు విని ఏ దిక్కున వల వేయాలో చెప్పేవారు. వేలంలో మూగగా పడి ఉన్న కచిడి ధర మాత్రమే తెలిసిన లోకానికి, అది బతికి ఉండగా ఎలా పలుకుతుందో వినిపించగలిగితే అదొక్కటే ఒక రేడియో కార్యక్రమానికి సరిపోయే విషయం.

పులస సంగతి ఇంకా విచిత్రమైనది. పులసలాగే సముద్రం నుంచి నదికి ఎదురీదే దాని దూరపు బంధువు అమెరికన్ షాడ్ అనే చేప, 1,80,000 హెర్ట్జ్ వరకు వినగలదని 1997లో డేవిడ్ మాన్, ఆయన సహచరులు తేల్చారు. వేటాడే డాల్ఫిన్ టక్కులు విని తప్పుకోవడానికి ఈ వినికిడి పనికొస్తుందని వారి అభిప్రాయం. పులస మీద ఇటువంటి పరీక్ష జరగవలసి ఉన్నా, వరద నీటికి ఎదురెక్కే చేపకూ, మొగ దగ్గర కాపు కాసే డాల్ఫిన్‌కూ మధ్య మనుషులకు వినపడని సంభాషణ ఒకటి జరుగుతోందేమోనన్న ఊహ సృజనకు చాలు. వాన కూడా ఈ నీటికి ఒక వాద్యమే: సన్నని చినుకు నీటిపై పడినప్పుడు లోపల చిక్కుకునే చిన్న బుడగ 15,000 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, దానివల్ల నీటి కింద తుంపర, పైన వినిపించే తుంపర కంటే చాలా పదునుగా ఉంటుంది.

వీటన్నిటినీ కప్పేసే ధ్వని ఒకటుంది, అది మనుషులది. కాకినాడ రేవులో లంగరేసిన ఓడలకు సరుకు చేరవేసే పడవలు, కుంభాభిషేకం రేవు నుంచి బయల్దేరే మరబోట్లు, సఖినేటిపల్లిలో నది దాటించే పంటు ఇంజను, కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ కోసం సాగే పనులు, ఇవన్నీ హైడ్రోఫోన్‌కు అందుతాయి. చమురు, గ్యాస్ జాడ వెదికేటప్పుడు ఓడ వెనక కట్టిన గాలి తుపాకుల నుంచి కొన్ని సెకన్లకొకసారి వెలువడే పేలుడు వందల కిలోమీటర్ల దూరం వినపడగలదు, తిమింగలాలు తమ పాటకు వాడుకునే మంద్రస్థాయినే అది ఆక్రమిస్తుంది. చాలామంది రికార్డింగు చేసేవారు కంప్యూటరులో ఈ మోతలన్నీ తుడిచేసి, డాల్ఫిన్ ఈలను ఒంటరిగా, తళతళలాడేలా మిగుల్చుతారు. పరిశోధనకు అది అవసరం కావచ్చు. కళకు మాత్రం అది నష్టమే. ఇంజను మోత తీసేసిన డాల్ఫిన్ ఎక్కడిదైనా కావచ్చు, ఇంజను మోతతో కలిసి వినిపించే డాల్ఫిన్ కాకినాడది. మరబోటు రేవు వదిలినప్పుడు ఈలలు ఆగి, మోత సన్నగిల్లాక మళ్లీ మొదలైతే, ఆ మౌనం కూడా రికార్డింగులో ఉండి తీరాలి.

రికార్డింగు పద్ధతిలో చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. పడవ ఇంజను పూర్తిగా ఆపాలి. చుక్కాని, తెడ్లు, తాళ్లు కదలకుండా బిగించాలి, ఎందుకంటే పడవ అడుగున తపతపమని కొట్టే అలే రికార్డింగులకు తొలి శత్రువు. కేబుల్‌ను నేరుగా చేతితో పట్టుకుంటే పడవ ఊగినప్పుడల్లా హైడ్రోఫోన్ ఎగిరెగిరి పడి గరగరలాడుతుంది. దాన్ని ఒక తేలుడు బెండుకు సాగే రబ్బరు తాడుతో కట్టి, కింద చిన్న బరువు వేలాడదీసి, పడవకు కొంత దూరంగా వదిలితే ఊపు తగ్గుతుంది. పోటు, పాటు బలంగా లాగే సమయంలో నీటి ఒరిపిడి కేబుల్‌ను తీగలా మోగిస్తుంది కాబట్టి రెంటి మధ్య నీరు నిలకడగా ఉండే కొద్దిసేపే మేలైన వేళ. వరద కాలంలో తేలికైన మంచినీరు పైన, బరువైన ఉప్పునీరు కింద రెండు పొరలుగా ఉంటాయి. ఉప్పునీటిలో ధ్వని సెకనుకు సుమారు 40 మీటర్లు ఎక్కువ వేగంతో వెళుతుంది, పొరల సరిహద్దులో వంగుతుంది, అందుచేత ఒక మీటరు లోతులో వినిపించింది మూడు మీటర్ల లోతులో వినిపించకపోవచ్చు, రెండు లోతుల్లోనూ ప్రయత్నించాలి. రెండు చెవులకు తగిన స్టీరియో కావాలంటే రెండు హైడ్రోఫోన్లను జానెడు ఎడంలో పెడితే చాలదు; నీటిలో ధ్వని నాలుగు రెట్లకు మించిన వేగంతో వెళుతుంది కనుక ఎడం కూడా అదే లెక్కన పెరిగి, దాదాపు ఒక మీటరు ఉండాలి.

ఇలా సేకరించిన ధ్వనిని ఏం చేయాలి? తెలుగు రేడియోకు దీనికి సిద్ధంగా ఉన్న ఒక రూపం ఉంది, అది సంగీత రూపకం. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు ఆకాశవాణిలో పెంచి పోషించిన ఈ రూపంలో మాట, పాట, నేపథ్య ధ్వని ఒకదానికొకటి లోబడకుండా పక్కపక్కన నడుస్తాయి. సంగీతకర్త అన్నియా లాక్‌వుడ్ 1982లో హడ్సన్ నదినీ, ఆ తర్వాత డాన్యూబ్ నదినీ పుట్టుక నుంచి సముద్రం దాకా రికార్డు చేసి ధ్వనిపటాలుగా రూపొందించింది. పాపికొండల మధ్య రాళ్ల మీద ఒరుసుకునే నీటి నుంచి మొదలై, రాజమహేంద్రవరం వంతెన స్తంభాల ద్వారా నీటిలోకి దిగే రైలు దడదడ, ధవళేశ్వరం తలుపుల దగ్గరి హోరు, కోరంగి పాయల్లో రొయ్యల చిటపటలు, చివరికి మొగ దగ్గర డాల్ఫిన్ టకటకల దాకా సాగే గోదావరి ధ్వనిపటం, సంగీత రూపకంగా రావలసిన రచన. అందులో టక్కులను పది రెట్లు నెమ్మది చేసినా, స్థాయి దించినా కార్యక్రమం ఆ సంగతి శ్రోతకు చెప్పాలి. పేన్ రికార్డులో కూడా నెమ్మది చేసిన పాటకు ఆ మాట పేరులోనే చేర్చారు. ఇతర సముద్రాల తిమింగలం గొంతును తెచ్చి గోదావరి పేరుతో వినిపించడం మాత్రం ఏ సృజన స్వేచ్ఛ కిందా సమర్థించలేనిది.

కాలం ఎంచుకోవడంలో తూర్పు తీరానికి ఒక సౌలభ్యం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అరవై ఒక్క రోజుల వేట నిషేధంలో మరబోట్లు రేవుల్లోనే ఉండిపోతాయి, సముద్రం ఆ రెండు నెలలే ఇంజన్ల నుంచి కాస్త తెరిపిన పడుతుంది. ఆ రోజుల్లో జీవనోపాధి ఆగిన జాలరి కుటుంబాలకు కిరాయి ఇచ్చి ఇంజను లేని నావ మీద వెళితే ఉభయులకూ మేలు. డాల్ఫిన్లు ఏ వేళకు ఏ పాయ మొగకు వస్తాయో ఏ పరికరం కంటే ముందు వారికే తెలుసు, ఆ తెలివిడికి కార్యక్రమంలో వారి పేరుతో గుర్తింపు ఇవ్వడం కనీస ధర్మం. కోరంగి అభయారణ్యంలోకి వెళ్లడానికి అటవీశాఖ అనుమతి కావాలి, సముద్రంలోని చమురు, గ్యాస్ కట్టడాల చుట్టూ 500 మీటర్ల భద్రతా వలయంలోకి పోకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన డాల్ఫిన్లను తరమడం, చుట్టుముట్టడం నేరం. రికార్డు చేసిన ఈలలను నీటిలో మోగించి వాటిని దగ్గరకు రప్పించే ప్రయత్నం అసలే కూడదు, ఎందుకంటే డాల్ఫిన్లలో కొన్ని ఈలలు ఒక్కొక్క జంతువు తనను తాను తెలుపుకునే గుర్తులు, వాటితో ఆడుకోవడం ఒకరి పేరు పెట్టి మరొకరు పిలిచి మోసగించడమే. ప్రతి రికార్డింగుకూ తేదీ, వేళ, చోటు, నీటి లోతు, హైడ్రోఫోన్ ఉంచిన లోతు, పోటో పాటో, చుట్టుపక్కల ఎన్ని పడవలున్నాయో రాసి దాచాలి. మడ అడవులు, రేవులు, మొగల రూపురేఖలు మారుతున్న ఈ డెల్టాలో పాతికేళ్ల తర్వాత పాట కట్టేవారికైనా, పరిశోధించేవారికైనా ఆ చిన్న చీటీ లేని ధ్వని సగమే పనికొస్తుంది.